పొగ రాలేదు, మైలేజీ ఇచ్చింది, మరి పోయిందేమిటి?

ప్రశ్న: వారానికి రెండుసార్లు నా పాత డీజిల్ కారులో గుంటూరు నుంచి విజయవాడ వెళ్తుంటాను. మొన్న ఆటోనగర్‌లో బండి చూపిస్తుంటే, కాలుష్య పరీక్షల్లో దొంగాట ఆడి దొరికిపోయిన జర్మనీ కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల మాట వచ్చింది. "మైలేజీ ఇచ్చింది, పికప్ ఉంది, పొగ రాలేదు, కొన్నవాడికి పోయిందేమిటండీ?" అన్నాడు మెకానిక్. మరి అమెరికాలో కొనుగోలుదారులు అంతగా ఎందుకు మండిపడ్డారు? నాది వేరే కంపెనీ కారు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. దాన్ని నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ మెకానిక్ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. నడిపేవాడికి ఏ లోటూ కనిపించలేదు కాబట్టే ఫోక్స్‌వ్యాగన్ మోసం ఏళ్ల తరబడి సాగింది. పరీక్షశాలలో చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయే గాని స్టీరింగ్ కదలదు; ఇటువంటి గుర్తులను బట్టి అది పరీక్షేనని పసిగట్టి, ఆ కాసేపు పొగను శుద్ధిచేసి, రోడ్డెక్కగానే ఆ పని తగ్గించేసే సాఫ్ట్‌వేర్‌ను కార్లలో పెట్టారు. రోడ్డు మీద అవి ఊపిరితిత్తులకు చేటు చేసే నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులను పరిమితికి 40 రెట్ల దాకా వదులుతున్నాయని 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రకటించింది. ప్రపంచమంతటా ఇలాంటివి దాదాపు 1.1 కోట్ల కార్లున్నాయని కంపెనీయే ఒప్పుకుంది.

అక్కడివారు ‘క్లీన్ డీజిల్’ అన్న ప్రకటనను నమ్మి, గాలికి మేలు చేస్తున్నామనుకుని కొన్నారు. తీరా తమ బండే ఎక్కువ విషం కక్కుతోందని తెలిసేసరికి ఒళ్లు మండింది, పైగా సెకండ్ హ్యాండ్ ధర పడిపోయింది. 2016 ఒప్పందంతో, గొడవకు ముందున్న ధరకే కారు తిరిగి ఇచ్చేసే వీలు, దానిపైన కనీసం 5,100 డాలర్ల పరిహారం దక్కాయి. యూరప్‌లో చాలామందికి దక్కింది సాఫ్ట్‌వేర్ మార్పే; దానితో మైలేజీ తగ్గుతుందేమోనన్న బెంగ వేరే. కారు అప్పగిస్తే, వాడుకున్న మేరకు తగ్గించి మిగతా ధర చెల్లించాలని జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు 2020 మేలో తీర్పిచ్చింది.

మన దేశంలోనూ 2015 డిసెంబరులో సుమారు 3.23 లక్షల కార్లను సవరణకు వెనక్కి పిలిచారు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రూ.500 కోట్ల జరిమానా వేస్తే సుప్రీంకోర్టు నిలుపుదల చేసింది. అయినా ఇక్కడి కొనుగోలుదారుల్లో పెద్ద అలజడి లేదు. మనం షోరూములో అడిగేది లీటరుకు ఎన్ని కిలోమీటర్లని గాని, వదిలే గాలి ఎలాంటిదని కాదు కదా. పోయిందేమిటని మెకానిక్ అడిగితే, బెంజి సర్కిల్‌లో డీజిల్ కారు వెనకే స్కూటరు ఆపుకున్న మనిషిని చూపించండి.

ఇక మీ సర్టిఫికెట్. బండిని న్యూట్రల్‌లో ఉంచి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, యాక్సిలరేటర్‌ను నాలుగైదుసార్లు గట్టిగా తొక్కిస్తారు, చూసే ఉంటారు. డీజిల్ బండికి ఆ యంత్రం కొలిచేది పొగ ఎంత చిక్కగా ఉందన్నదే; కంటికి ఆనని నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికే పోదు. కాబట్టి ఆ కాగితంలో ఉన్నది నిజమే కావచ్చు, కాని మీరడుగుతున్న సంగతి అందులో లేదు. రోడ్డు మీద నడిపి చూసే పరీక్షలో కూడా నెగ్గాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి, బీఎస్-6 (మన దేశపు వాహన కాలుష్య ప్రమాణాలు) రెండో దశతో వచ్చింది. మీ పాత కారుకు అది వర్తించదు.