సిస్టర్‌ని అడగండి: ‘ఇంకా ఎన్ని రోజులు?’ అంటే ఏం చెప్పాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాలియేటివ్ కేర్ మీదే, అంటే జబ్బు పూర్తిగా నయం కాదని తెలిశాక కూడా నొప్పి, ఆయాసం, భయం తగ్గించి మనిషిని చూసుకునే సేవ గురించి. మూడింటికి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. సర్జికల్ వార్డులో ఉన్నదాన్ని తెచ్చి పాలియేటివ్ వార్డులో వేశారు. ఐవీ, డ్రెస్సింగ్, క్యాథెటర్ ఏదీ నాకు కొత్త కాదు. కానీ ఇక్కడ చుట్టాలు ‘ఇంకా ఎన్ని రోజులు సిస్టర్?’ అంటారు, నేను ‘డాక్టర్ గారిని అడగండి’ అనేసి పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోతాను. ఒకాయన కొడుకేమో ‘నాన్నకు క్యాన్సర్ అని చెప్పొద్దు’ అని బతిమాలుతున్నాడు, నైట్ డ్యూటీలో ఆ పెద్దాయన ‘నాకేమైంది తల్లీ, నిజం చెప్పు’ అంటున్నాడు. దీనికి ట్రైనింగ్ ఉంటుందా? (స్టాఫ్ నర్సు, నల్గొండ జిల్లా)

జవాబు: ఉందమ్మా, బాగానే ఉంది. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ వాళ్ల ఎసెన్షియల్స్ సర్టిఫికెట్ కోర్సు డాక్టర్లతో పాటు నర్సులకూ ఉంది. తిరువనంతపురంలో పాలియం ఇండియా నర్సుల కోసమే 6 వారాల కోర్సు నడుపుతోంది. అంత దూరం వెళ్లలేనంటే మన హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి పాలియేటివ్ విభాగంలో అడగండి, అక్కడా శిక్షణ ఇస్తారు. బీఎస్సీ నర్సింగ్‌లో 2021 కొత్త సిలబస్‌తో ఇదొక తప్పనిసరి మాడ్యూల్ అయింది కాబట్టి ఇప్పుడు చదువుతున్న పిల్లలు కొంతైనా తెలుసుకుని వస్తారు. మీ బ్యాచ్ వాళ్లకు ఆ అవకాశం లేదు, అందులో మీ తప్పేమీ లేదు.

ఇక ట్రైనింగ్‌లో ఏం నేర్పిస్తారంటే, మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) డోసు, పుండు కడగడం, చర్మం కింద సన్న సూది పెట్టడం ఇవన్నీ ఉంటాయి, మీకు త్వరగా వచ్చేస్తాయి కూడా. అసలు కష్టం మాట్లాడటం దగ్గరే. అందుకని రోల్ ప్లే చేయిస్తారు. ఒకరు పేషెంటు, ఒకరు కొడుకు, ఒకరు నర్సు. మొదట్లో అందరూ పకపకా నవ్వుతారు, ‘నాకేమైంది’ అన్న ప్రశ్న రాగానే నర్సు వేషంలో ఉన్నమ్మాయికి మాట రాదు. అప్పుడు తెలుస్తుంది, మనం రోజూ చేసేది ధైర్యం చెప్పడం కాదు, తప్పించుకోవడమని.

ఆ పెద్దాయన మళ్లీ అడిగితే కుర్చీ లాక్కుని కూర్చోండి. నిలబడి మాట్లాడితే మీరు వెళ్లిపోతారని ఆయనకు అర్థమైపోతుంది. ‘ఎందుకలా అడుగుతున్నారు, మీకేమనిపిస్తోంది?’ అనండి. చాలామందికి అప్పటికే సగం తెలిసి ఉంటుంది, చెప్పుకోవడానికి మనిషి లేక అడుగుతారు. రోగం పేరు, ఎంతకాలం అన్నది డాక్టరు చెప్పాల్సిన మాటే, కాకపోతే ‘మీకేం కాలేదు, తగ్గిపోతుంది’ అని మాత్రం అనకండి, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా ఆయన నమ్మడు. కొడుకు మీద కూడా విసుక్కోవద్దు. ‘చెబితే నాన్నగారు ఏమైపోతారని మీ భయం?’ అని అడిగి చూడండి. నాన్నగారికి ఎంత తెలుసో కనుక్కోవడానికి మాత్రం కొడుకు ఒప్పుకోలు తీసుకుని, డాక్టరుతో కలిసి ముగ్గురూ కూర్చోండి.

‘ఎన్ని రోజులు’ అన్నవాళ్లను ముందు డాక్టరు ఇప్పటిదాకా ఏం చెప్పారో అడగండి. లెక్క ఎవరూ చెప్పలేరు, కానీ రోజుల్లో ఉందా, వారాల్లోనా, నెలల్లోనా అన్నది డాక్టరు చేత చెప్పించవచ్చు. ఆ ఇంట్లో దుబాయ్ నుంచి రావాల్సిన కొడుకు ఉండొచ్చు, రిజిస్ట్రేషన్ కావాల్సిన పొలం ఉండొచ్చు, వాళ్లకు కావాల్సింది ఆ సమాచారం. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే ఆస్పత్రి) పెట్టిన సిసిలీ సాండర్స్ మొదట నర్సే. తర్వాత సోషల్ వర్కరు, ఆ తర్వాత డాక్టరు. శరీరం, మనసు, డబ్బు, దేవుడు అన్నీ కలిసే నొప్పవుతాయని ఆమె చెప్పింది, మన వార్డుల్లో చూస్తే అప్పుల నొప్పే ముందు కనిపిస్తుంది లెండి.

ఇంకొకటి, నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది. తెలంగాణలో ఆలన వాహనంలో (ఇంటి దగ్గరే పాలియేటివ్ సేవ అందించే బండిలో) ఇళ్లకు వెళ్లే నర్సైనా ఒక ఇంట్లో కాసేపే ఉంటుంది, మిగతా పగలూ రాత్రీ చూసుకునేది కోడలో, భార్యో. కాబట్టి వాళ్లకు నేర్పడం రాని నర్సుకు ట్రైనింగ్ పూర్తి కానట్టే. ‘అర్థమైందా?’ అంటే ఎవరైనా తలూపుతారు, మీ ముందే చేసి చూపించమనండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, దుప్పటితో పైకి జరపడం, నోరు తుడవడం. పుండు వాసనకు ఇంట్లోవాళ్లు గదిలోకి రావడం మానేస్తారు, డాక్టరు రాస్తే మెట్రోనిడజోల్ మాత్రను పొడి చేసి పుండు మీద ఎలా చల్లాలో చూపించండి. వాసన తగ్గితే మనుషులు మళ్లీ మంచం పక్కన కూర్చుంటారు.

ప్రశ్న: అమ్మకు మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. అలవాటైపోతుందని, అది చివరి మందని మా పిన్ని భయపెడుతోంది. నొప్పి బాగా ఎక్కువైనప్పుడే వేస్తున్నాను. (గృహిణి, తెనాలి)

జవాబు: పిన్నిగారి మాట వదిలేయండి. మామూలు మార్ఫిన్ మాత్ర పని చేసేది నాలుగు గంటలే, అందుకే టైముకు వేయమంటారు. నొప్పి వచ్చాక వేస్తే దాని వెనకాల పరిగెత్తడమే అవుతుంది. డాక్టరు చెప్పిన డోసులో నొప్పికి వాడితే ప్రాణం ముందుగా పోదు, వ్యసనం కావడం కూడా అరుదు. మొదటి రెండు మూడు రోజులు మత్తుగా ఉండొచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు ఖాయం, విరేచనాల మందు కూడా రాశారో లేదో చూడండి, రాయకపోతే అడిగి రాయించుకోండి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. 2014లో మత్తుమందుల చట్టం సవరించి మార్ఫిన్‌కు లైసెన్సుల గొడవ తగ్గించింది ఇలాంటి రోగుల కోసమే. ఇవన్నీ మాత్రలు ఇచ్చిన రోజే నర్సు మీకు చెప్పి ఉండాల్సింది.

ప్రశ్న: నాన్నగారు నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదు, స్పృహ కూడా సరిగా లేదు. సెలైన్ పెట్టమంటే సిస్టర్ వద్దంటోంది. కడుపు మాడ్చి చంపామని చుట్టాలు అనరా? (ఒక కొడుకు, వరంగల్)

జవాబు: అంటారు, అన్నా పట్టించుకోకండి. చివరి రోజుల్లో ఒంటికి ఆకలి ఉండదు. తినకపోవడం వల్ల జబ్బు ముదరలేదు, జబ్బు ముదిరింది కాబట్టి తినడం లేదు. అప్పుడు ఎక్కించిన సెలైన్ ఒంట్లో నీరు చేరేలా, గొంతులో గురక పెంచేలా చేయొచ్చు. అందరికీ ఒకటే లెక్క కాదు, మీ నాన్నగారి విషయం డాక్టరునే అడగండి. అయితే ‘వద్దు’ అని ఒక్క మాటతో వదిలేసిన సిస్టర్‌దీ కొంత లోపమే, ఎందుకో కూర్చోబెట్టి చెప్పాలి కదా. గొంతులో గరగర వినపడితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, అది మీకు భయంగా ఉన్నంతగా ఆయనకు బాధ కాకపోవచ్చు. తులసి తీర్థం పోయాలనుకుంటే స్పృహ లేనప్పుడు చెంచాతో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూది తడిపి పెదాలకు, నాలుక చివరకు అద్దండి, తర్వాత కాస్త వాజలిన్ రాయండి. ఇది మీ చేత్తో మీరే చేయవచ్చు.