గుంపుల్లో టీకా వేయించాలంటే: కొత్తగా చేరిన ఆశా అమ్మాయికి

అమ్మాయీ,

భద్రాద్రి కొత్తగూడెం అడవిలో, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయ ఆదివాసీల గుంపులు (చిన్న పల్లెలు) నీ వంతుకు వచ్చాయన్నావు. వాళ్లకు సూదంటే భయమని చాలామంది చెబుతారు, నమ్మకు. మొదటి సూదికి వచ్చిన తల్లే రెండోదానికి రాదు. ఐదు రోగాలను ఆపే పెంటావాలెంట్ (పెంటా) సూది వేసిన రాత్రి బిడ్డ ఒళ్లు కాలుతుంది, నిద్రపోదు. తెల్లారి తల్లి మిర్చి ఏరడానికి పోలేదు, ఆ రోజు కూలి పోయినట్టే. జ్వరం సంగతి ముందే చెప్పకపోతే, బాగున్న బిడ్డకు నువ్వే రోగం తెచ్చావంటారు.

అందుకే సూదికి ముందే చెప్పు: జ్వరం వస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని, తొడ కాస్త వాస్తుందని, పాలు మానొద్దని. వాపు మీద పసరు, పసుపు, కాపడం ఏవీ వద్దు. జ్వరానికి పారాసిటమాల్ ఎంత పోయాలో టీకాలు వేసే సిస్టర్ (ఏఎన్ఎం) బిడ్డ బరువు చూసి చెబుతుంది. ఒక్కటి మాత్రం నువ్వే చూసుకో. మామూలు సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉంటే, చుక్కల మందు ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతలు పడుతుంది. ఇంట్లో ఏ సీసా ఉందో తెప్పించి చూడు. ఫిట్స్ వచ్చినా, బిడ్డ మగతగా పడి ఉన్నా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యి. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టడం, వెంటనే తీవ్రమైన అలర్జీ వస్తే పట్టుకోవడానికి.

నెలన్నరకు మూడు సూదులు: ఎడమ తొడకు పెంటా, కుడి తొడకు న్యుమోనియాను ఆపే పీసీవీ, కుడి చేతికి పోలియో. తల్లి బెంబేలెత్తుతుంది. రెండున్నర నెలలకు ఒక్కటే సూది అని అప్పుడే చెప్పు. మూడున్నర నెలలకు మళ్లీ మూడని దాచకు. దాస్తే ఆ తర్వాత నీ మాట చెల్లదు.

మిర్చి రోజుల్లో ట్రాలీ ఆటో తెల్లవారుజామునే వచ్చేస్తుంది. టీకా పెట్టె తొమ్మిదికి వస్తే గుంపులో ముసలివాళ్లే ఉంటారు. ఆ నెలల్లో పొద్దున్నే గానీ సాయంత్రం గానీ పెట్టమని ఏఎన్ఎంను అడిగి, ప్లాన్‌లో రాయించు. ముందురోజు చీకటిపడ్డాక డ్యూ లిస్టు (టీకా వేయాల్సిన పిల్లల జాబితా) పట్టుకుని ఇల్లిల్లూ తిరుగు. అయితే పొద్దున తొమ్మిదికి పొడిలో ద్రావకం కలిపిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా), బీసీజీ (క్షయ) టీకాలు ఒంటిగంటకు పారేయాల్సిందే, నాలుగు గంటలు దాటితే అందులో క్రిములు పెరుగుతాయి. సాయంత్రం ఒక్క బిడ్డే వచ్చినా కొత్త సీసా తీయమను, తిప్పి పంపొద్దు.

పెట్టెలోని ఐస్ ప్యాకులు బయట చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు రావాలి. రాయిలా ఉన్నవి పెడితే పెంటా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. ఆ పని సిస్టర్‌దే, కానీ నీ కన్నూ ఉండాలి.

టీకా కార్డులు తడవకుండా పాలిథిన్ కవర్లో పెట్టివ్వు. కార్డు పోయినా, ఛత్తీస్‌గఢ్ నుంచి రాకముందు ఏవి వేశారో కనుక్కుని, ఆగిన చోటి నుంచి వేయించాలి. మొదటినుంచీ మళ్లీ అక్కర్లేదు. ఎడమ భుజం మీద మచ్చ ఉంటే బీసీజీ పడినట్టే.

టీకా మర్నాడు సాయంత్రం, వేయించుకున్న ప్రతి ఇంటికీ వెళ్లు. జ్వరం కాసిన బిడ్డ ఇంటికి ముందు.

నీ పెద్దమ్మ