హార్మోనియం పెట్టె, ల్యాప్‌టాప్, లక్షన్నర రూపాయలు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. నేను పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తాను, కొద్దిపాటి సేద్యం కూడా ఉంది. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. సౌండ్ ఇంజినీర్ అవుతానంటున్నాడు. ఇంట్లోనే స్టూడియో పెట్టుకోవడానికి లక్షన్నర కావాలంటాడు. నా పెట్టె కూడా వాడి ల్యాప్‌టాప్‌లో ఉంది, మీట నొక్కితే పలుకుతోంది. ఇప్పుడు పాటను కంప్యూటరే కట్టేస్తోందని పేపర్లో చదివాను. ఈ విద్యతో అన్నం పుడుతుందా? బీటెక్‌లో చేర్పించమంటారా?

జవాబు: లక్షన్నర ఇప్పుడే ఇవ్వకండి. అలాగని ఆ చదువు వద్దని కూడా అనకండి. ఒకప్పుడు స్టూడియోల్లో మాత్రమే ఉండే సామాను ఇప్పుడు ప్రతి కుర్రవాడి గదిలోనూ ఉంది. కాబట్టి సామాను చూసి ఎవరూ పని ఇవ్వరు. శ్రద్ధగా వినడం వచ్చిన మనిషి కోసం మాత్రం ఇప్పటికీ వెతుకుతున్నారు.

మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో పలికే పెట్టె సంగతి ముందు చూద్దాం. ఎవరో ఒక మంచి హార్మోనియాన్ని మైకు ముందు పెట్టి, ఒక్కో స్వరాన్నీ విడిగా రికార్డు చేసి దాచారు. 1983లో మిడి అనే పద్ధతి వచ్చింది. అందులో ధ్వని ఉండదు. ఏ మీట నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎంతసేపు పట్టి ఉంచారు అనే లెక్క మాత్రమే ఉంటుంది. ఆ లెక్క ప్రకారం దాచిన స్వరాలు పలుకుతాయి. మీట వరకు బాగానే ఉంది. కానీ నటుడు పద్యం చివర రాగం అందుకుని ఊపిరి బిగబట్టినప్పుడు మీ ఎడమచేయి తిత్తిని ఎలా నెమ్మదింపజేస్తుందో, ఎక్కడ ఒక్క విసురు విసురుతుందో మీకు తెలుసు. ఆ విసురుకే కదా ‘వన్స్‌మోర్’ అని కేకలు పడేది! ఆ గాలిని కూడా కంప్యూటర్‌లో గీత గీసి చూపించవచ్చు. అయితే ఎక్కడ గీయాలో తెలియాలంటే మీ పక్కన కూర్చుని వినాలి. ఆ చదువు మీ అబ్బాయికి ఫీజు లేకుండానే దొరికింది. దాని విలువ అతనికి ఇంకా తెలిసినట్టు లేదు.

వెనకటి రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకే హాల్లో కలిసి పాట చేసేవారు. చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పు పలికితే అందరూ మళ్లీ పల్లవి నుంచి మొదలుపెట్టాలి. తర్వాత టేపు మీద విడివిడి ట్రాకులు వచ్చాయి, ఆపైన అంతా కంప్యూటర్‌లోకి చేరింది. ఇప్పుడు గాయని ఒక ఊళ్లో, వేణువు ఇంకో ఊళ్లో, ఆ ట్రాకులన్నీ ఒక్కటిగా కలిపే మిక్సింగ్ మరో ఊళ్లో. దీనివల్ల హాలు నిండా కూర్చునే వయొలిన్ వారికి పని బాగా తగ్గింది. ఆ నష్టం నిజమైనదే, దాన్ని తియ్యటి మాటలతో కప్పను. అదే సమయంలో ట్రాకులు శుభ్రం చేసేవారికి, కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసేవారికి, మిక్సింగ్ వారికి పని పెరిగింది.

1997లో ఆటోట్యూన్ వచ్చింది. గొంతు శ్రుతి తప్పితే దగ్గరి స్వరానికి లాగిపెడుతుంది. మన సంగీతంలో దానితో వచ్చే చిక్కు చూడండి. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతూ ఉండాలి. ఆ ఊగడమే రాగం. యంత్రానికి అది తప్పుగా కనబడుతుంది, ఇస్త్రీ పెట్టినట్టు చదును చేసేస్తుంది. ఇలా చదునైన భక్తి పాటలు ఈ మధ్య ఎన్ని విన్నానో! ఎక్కడ సరిచేయాలో, ఎక్కడ ముట్టుకోకూడదో తెలిసిన కుర్రవాడికి ఇక్కడ పని ఉంది. నెల్లూరులో బాలసుబ్రహ్మణ్యం గారి పేరుతో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది. సౌండ్ కోర్సు కంటే ముందు అక్కడ గాత్రం నేర్పించే వీలుందేమో కనుక్కోండి.

నెల్లూరు నుంచి ఈ ప్రశ్న అడిగే తండ్రులు చాలామంది బాలు గారి పేరు ఎత్తుతారు. మీరు ఎత్తలేదు, సంతోషం. అలాంటి గొంతు అందరికీ రాదు. అయితే ఆయన 1966లో తొలి సినిమా పాట పాడేనాటికి మద్రాసులో ఇంజినీరింగ్ చదువు కూడా సాగిస్తున్నారన్న సంగతి మీ అబ్బాయికి చెప్పండి.

చదువు విషయానికి వస్తే, పుణేలోని సినిమా, టీవీ విద్యాసంస్థ ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతాలోని సత్యజిత్ రే సినిమా సంస్థలో సౌండ్ కోర్సులు ఉన్నాయి. రెండూ ప్రభుత్వానివే, రెండింటికీ డిగ్రీ కావాలి. అంటే బీటెక్ అడ్డం కాదు, అది ఒక దారి. ఒక పరీక్ష పెట్టండి. సీడీలో సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలుస్తారు, ఆ అంకె ఎందుకని అతన్ని అడగండి. మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినబడుతుంది, కొలత దానికి రెట్టింపు కంటే ఎక్కువ ఉండాలి. ఈ జవాబు వెతుక్కోవడంలో అతనికి సరదా పుడితే ఈసీఈ (బీటెక్‌లో ఎలక్ట్రానిక్స్ శాఖ) గానీ, భౌతికశాస్త్రంతో బీఎస్సీ గానీ హాయిగా చదువుతాడు. లెక్కలంటేనే విసుగైతే బీటెక్‌లోకి నెట్టకండి. నాలుగేళ్లూ తప్పిన పరీక్షలే మళ్లీ మళ్లీ రాస్తూ కూర్చుంటాడు. చెన్నైలో ఇంటర్ తర్వాత చేర్చుకునే ప్రైవేటు కోర్సులు ఉన్నాయి, ఫీజులు లక్షల్లో ఉంటాయి. డబ్బు కట్టేముందు ఒక్కటే అడగండి: ఒక్కో విద్యార్థి వారానికి ఎన్ని గంటలు ఒంటరిగా మిక్సర్ ముందు కూర్చుంటాడు? సూటిగా చెప్పకపోతే తిరిగి రైలెక్కండి. పొలం తాకట్టు పెట్టి చదివించేంత హామీ ఏ కోర్సుకూ లేదు.

కృత్రిమ మేధ గురించి మీ భయం ఉత్తది కాదు. దుకాణం ప్రకటనలకు, చిన్న వీడియోలకు వెనక వినిపించే సంగీతం ఇప్పటికే దాని చేతికి పోతోంది. కొత్తవాళ్లు పని నేర్చుకునేది అలాంటి చిన్న పనుల మీదే కాబట్టి, మొదటి రెండు మూడేళ్లు గట్టెక్కడం ముందుకంటే కష్టం. అందుకే సంగీత దర్శకుడి కుర్చీ ఒక్కదాని మీదే చూపు పెట్టవద్దంటాను. డబ్బింగ్, సంభాషణల ఎడిటింగ్, వేదిక మీది సౌండు కూడా ఈ విద్యలోవే. మన జిల్లాల్లో నాటక పరిషత్తులు, పెళ్లిళ్లు, చర్చి సభలు లేని నెల ఉందా? నాటకంలో మైకు కూత పెట్టగానే ఆపరేటర్ మొత్తం సౌండు తగ్గించేస్తాడు, పద్యం కాస్తా వినబడకుండా పోతుంది. కూసే ఫ్రీక్వెన్సీని మాత్రం పట్టుకుని కోసేవాడు దొరికితే మీ నాటక సమాజం వారే వదలరు.

ఇక డబ్బు. రెండు మైకులను కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె, సన్నని ధ్వనిని కూడా పట్టే ఒక కండెన్సర్ మైకు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు కలిపి పాతిక ముప్ఫై వేలలో వస్తాయి. రికార్డింగ్‌కు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. గోడలకు ఫోమ్ షీట్లు కొంటానంటే ఆపండి. అవి గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి గానీ బయటి రైలు కూతను ఆపవు. ప్రతిధ్వని తగ్గించడానికి ఇంట్లో ఉన్న బొంతలు వేలాడదీసినా చాలు.

ఆ పాతిక వేలు కూడా ఒక నెల ఆగి ఇవ్వండి. ఈ నెలలో అతను తన ఫోనుతోనే మీ చేత ఒకే పద్యానికి హార్మోనియం మూడుసార్లు వాయించి రికార్డు చేయాలి. ఒకసారి ఫోను పెట్టెకు జానెడు దూరంలో, ఒకసారి తిత్తి వైపు, ఒకసారి గది మూలలో ఉండాలి. మూడింటికీ తేడా ఏమిటో, ఎందుకు వచ్చిందో అరపేజీ రాసి నాకు పంపమనండి. రికార్డింగ్ మొదలయ్యేటప్పుడు ఫ్యాను ఆపమని మాత్రం మీరు చెప్పకండి. అతని చేయి స్విచ్ మీదికి దానంతటదే వెళుతుందా లేదా అన్నది చూడండి.