మోరీ కోసం ముఖ్యమంత్రి దాకా ఎందుకు బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటి ముందు మోరీ, అదే మురికి కాలువ, పొంగుతోందని ఫొటో తీసి ముఖ్యమంత్రికీ ఎమ్మెల్యేకీ పంపావట. నెల దాటినా ఎవరూ పలకలేదని కోపం. ఆ మోరీ వాళ్లది కాదమ్మా, మన గ్రామ పంచాయతీది. ఐదేళ్లు వార్డు సభ్యురాలిగా ఉండి నాకు తెలిసొచ్చింది రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందు ఏ పని ఎవరిదో చూసుకో. మోరీ, గల్లీలో సీసీ రోడ్డు, చెత్త ట్రాక్టరు, ఇల్లు కట్టుకునే పర్మిషన్ పంచాయతీవి. కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది, దాని మీద వెలిగే వీధి దీపం మాత్రం పంచాయతీది. మిషన్ భగీరథ నీళ్లు ట్యాంకు దాకా తెస్తుంది, అక్కణ్నుంచి నల్లాల సంగతి మళ్లీ పంచాయతీయే చూసుకోవాలి. రేషన్ కార్డు, భూమి పాసు పుస్తకం తహసీల్దార్ ఆఫీసు పనులు. వాటికోసం సర్పంచిని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను, పాపం ఆయనా ఊరుకోలేక ‘చేయిస్తా’ అంటాడు.

పంచాయతీల కోసం చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలకు ఒక జాబితా పెట్టారు. కానీ వాటిలో ఎన్ని ఇవ్వాలో రాష్ట్రం ఇష్టానికి వదిలేశారు. అందుకే బడి, దవాఖానా ఆ జాబితాలో ఉన్నా, టీచరు రాకపోతే సర్పంచి చేయగలిగింది పైవాళ్లకు ఫోన్ చేయడమే. పైసలకూ ఇలాంటి ముడి ఉంది. 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో నూటికి 60 వంతులు తాగునీటికీ పారిశుద్ధ్యానికే పెట్టాలన్నారు. మిగతా 40 ఊరి అవసరాన్ని బట్టి, అదీ జీతాలకు వాడకూడదు. కమ్యూనిటీ హాలుకు లేవన్న పైసలు మోరీకి ఉండొచ్చన్నమాట. ‘ఫండ్స్ లేవు’ అంటే ‘ఏ పద్దులో లేవు?’ అని మర్యాదగానే అడుగు. ఆ మాట అడిగినవాళ్లను కొంచెం జాగ్రత్తగా చూస్తారు.

ఇక గ్రామసభ. 2018 నాటి మన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే, అంటే నువ్వు కూడా. ఎవరి పిలుపూ అక్కర్లేదు.

నా కథ ఒకటి చెప్తా, నవ్వకు. 2019లో నేను గెలిచిన మొదటి ఏడాది మీటింగుల్లో మీ పెద్దబాపే మాట్లాడేవాడు, నేను సంతకం పెట్టి వచ్చేదాన్ని. సగం సీట్లు ఆడవాళ్లకిచ్చింది ఇందుకేనా అని ఇప్పుడు సిగ్గేస్తుంది. ఒక గ్రామసభలో మా వాడ మోరీ గురించి గట్టిగానే అడిగాం, అందరూ సరేనన్నారు. తర్వాత పంచాయతీ కార్యదర్శి రిజిస్టరు తెచ్చి ‘ఇక్కడ సంతకాలు పెట్టండి, మినిట్స్ నేను రాసుకుంటా’ అన్నారు. పేజీ ఖాళీగా ఉంది. వరసగా అందరం పెట్టేశాం, నాదీ ఉంది. ఆరు నెలల తర్వాత పని ఏమైందని పోతే ఆ పేజీ తీసి చూపించారు. వీధి దీపాలు కొనే తీర్మానం ఉంది, మోరీ మాటే లేదు. కింద నా సంతకం. ఎవరితో కొట్లాడను?

అప్పట్నుంచి తీర్మానం రాసి, పైకి చదివి వినిపించాకే కలం పట్టేదాన్ని. నువ్వూ అట్లనే చెయ్యి. ఎంత గట్టిగా అరిచినా, ఎంతమంది చప్పట్లు కొట్టినా, రిజిస్టరులోకి ఎక్కని మాట మర్నాటికి ఉండదు. రాసిన మాటకు ఎస్టిమేట్ వేయాలి, పని అయ్యాక ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చి కొలిచి ఎంబీ అనే కొలతల పుస్తకంలో రాయాలి, అప్పుడే బిల్లు.

అడిగే తీరు కూడా ఉంటుంది. ‘మా వాడ మోరీ బాగుచేయండి’ అంటే ఎవరికీ పట్టదు. రెండోసారి నేను టేపు పట్టుకుని పోయి కొలిచాను. ‘నాలుగో వార్డులో చేదబావి నుంచి పెద్ద మోరీ దాకా 62 మీటర్లు’ అని కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నా. ముందురోజు మహిళా సంఘం మీటింగులో చెప్పి పద్నాలుగు మందిని వెంట తీసుకుపోయా. పని కావడానికి ఇంకో పది నెలలు పట్టింది, అది వేరే సంగతి.

వచ్చే ఏడాది పనుల ప్లాను సాధారణంగా అక్టోబరు నుంచి మొదలవుతుంది. అది ఖరారయ్యాక ఎంత ఏడ్చినా మళ్లీ ఏడాదే. ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో మన పంచాయతీ ప్లాను, ఖర్చులు కనిపిస్తాయి, నీకు ల్యాప్‌టాప్ ఉంది కదా, చూడు. అక్కడ చూసిన లెక్కకూ ఊళ్లో ఉన్న పనికీ పొంతన కుదరకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. అయినా కదలకపోతే మండలంలో ఎంపీడీవో, ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి. మొదటే ప్రజావాణికి పోతే ఆ కాగితం తిరిగి తిరిగి మన కార్యదర్శి బల్ల మీదికే వస్తుంది.

మా పాలకవర్గం 2024 మొదట్లో దిగిపోయాక దాదాపు రెండేళ్లు ఎన్నికల్లేవు, అంతా ప్రత్యేకాధికారే. అడగడానికి మనిషే లేడు. 2025 డిసెంబరులో కొత్తవాళ్లు వచ్చారు. కుర్రవాళ్లే ఎక్కువ, నేర్చుకుంటున్నారు, వాళ్ల మీద ఒక్కసారే విరుచుకుపడకు. ముందు ఇంటి పన్ను కట్టి రసీదు దగ్గర పెట్టుకో, లేకపోతే ‘పన్ను కట్టావా?’ అన్న మాటతోనే నోరు మూయిస్తారు.

ఈసారి గ్రామసభ ఎప్పుడో పంచాయతీ ఆఫీసులో పనిచేసే కారోబార్‌ను అడుగు, కొన్నిసార్లు డప్పు చాటింపు మన వాడ దాకా రాదు. కొలిచే టేపు మా ఇంట్లో దేవుడి అర్ర గూట్లో ఉంది. మీ పెద్దబాపు దాచుకున్నాడు, నా పేరు చెప్పి తీసుకో.

మీ పెద్దమ్మ