పెరుగన్నంలో బిళ్ల

బాబూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పదకొండో పేజీ దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. అన్న తమ్ముణ్ని ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్ బిల్లులు ముందేసి, నీ మీద ఎవరి నిఘా లేదురా అని రుజువు చేస్తాడు. తమ్ముడు బావురుమని "నాకు జబ్బు చేసిందన్నయ్యా, ఆస్పత్రికి తీసుకెళ్లు" అంటాడు. లేని గొంతులు వినబడుతూ, లేనిపోని అనుమానాలు నిజమనిపించే స్కిజోఫ్రీనియా జబ్బులో అలా జరగదు. ఆ సంగతి తెలియకే ఎన్నో ఇళ్లల్లో తెల్లవార్లూ వాదించుకుని, చివరికి చెయ్యి చేసుకుంటున్నారు. నీ పేజీ చదివితే వాళ్లు ఇంకో రాత్రి వాదిస్తారు.

జబ్బుందని తెలియకపోవడం ఆ జబ్బులో భాగమే. పక్షవాతంతో చెయ్యి పడిపోయినా బాగానే ఉందనే రోగుల్ని చూసి, 1914లో ఫ్రెంచి న్యూరాలజిస్టు బాబిన్‌స్కీ ఆ స్థితికి అనోసాగ్నోసియా అని పేరు పెట్టాడు. ఇప్పుడు కొందరు డాక్టర్లు స్కిజోఫ్రీనియాకీ ఆ మాటే వాడుతున్నారు. మన సైకియాట్రీ వార్డుల్లో కేస్ షీటు చివర "ఇన్‌సైట్ 1/6" అని రాసి ఉంటుంది, ఎప్పుడైనా చూడు. ఇన్‌సైట్ అంటే తన జబ్బు గురించి తనకున్న తెలివిడి, ఆరు మెట్లలో ఎన్నోదని. ఒకటంటే నాకేం లేదు అనడం. రెండంటే ఏదో ఉందన్నట్టూ, ఏమీ లేదన్నట్టూ ఒకేసారి. మూడంటే బాగాలేదు గానీ అది ఎవరో చేయించిందే అనడం. ఆరంటే మనసారా తెలిసి, ఆ తెలివిడి నడవడికలో కనబడటం. నీ తమ్ముడు ఒక్క పేజీలో ఒకటి నుంచి ఆరుకి గెంతాడు. "జబ్బూ లేదు గిబ్బూ లేదు, నిద్రకి మాత్రం ఆ బిళ్ల ఇవ్వు" అనే రెండో మెట్టు మీదే ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లున్నారు. కథ అక్కడుంది. జబ్బుందని ఒప్పుకోవడం, వినబడే గొంతు జబ్బు వల్లేనని గుర్తుపట్టడం, మందు వేసుకోవడం. ఈ మూడూ వేర్వేరని ఆంథొనీ డేవిడ్ 1990లోనే విడదీసి చెప్పాడు. ఒకటి ఉండి మిగతా రెండూ లేని మనిషిని రాసి చూడు.

నా పట్టు ఒకటుంది, ఎవరేమన్నా వదలను. మనల్ని మనం చూసుకోవాలంటే ఎదుటివాడి కళ్లు అరువు తెచ్చుకోవాలి. ఈ జబ్బు ఆ అరువునే దెబ్బతీస్తుంది. వియ్యపురాలు వచ్చి "ఏం ఎండలమ్మా, నాలుక పిడచకట్టుకుపోతోంది" అంటే నువ్వు లేచి మంచినీళ్లు తెస్తావు. నీ తమ్ముడు "అవును, ఎండే" అని కూర్చుంటాడు. అది పొగరు కాదు, అడగని మాట అతనికి అందలేదంతే. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థలో మనవాళ్లకు తగ్గట్టు తయారుచేసిన సోక్రాటిస్ అనే పరీక్షల్లో ఇలాంటివే చూస్తారు: ఎవరో నోరు జారితే పట్టుకోగలడా, చెడు జరిగితే నెపం ఎవరి మీద వేస్తాడు అని. ముఖాల్లో సంతోషం పెద్దగా తప్పిపోదు. భయం, కోపం, దిగులు తారుమారవుతాయి. అనుమానం ముదిరినప్పుడు ఏ భావమూ లేని ముఖం కూడా బెదిరిస్తున్నట్టుంటుంది. టికెట్టు చింపుతూ కండక్టరు ఊరికే చూసిన చూపు రాశావే, ఆ వాక్యం బాగుంది.

ఎంత తొందరగా ఒక నిర్ణయానికి వచ్చేస్తారో చూసే పూసల పరీక్ష ఒకటుంది. ఒక జాడీలో 85 ఎర్రవి, 15 నీలివి. రెండో దాంట్లో తిరగేసి. ఏ జాడీ లోంచో చెప్పకుండా ఒక్కొక్క పూసే తీసి చూపించి, అది ఏ జాడీయో తేల్చమంటారు. మామూలుగా ఎవరైనా ఇంకొన్ని చూసి గానీ చెప్పరు. బలమైన భ్రమలున్నవాళ్లలో చాలామంది ఒకటి రెండు పూసలకే తేల్చేస్తారు. నీ అన్న బిల్లులు పేర్చేసరికే తమ్ముడి లెక్క ముగిసిపోయింది.

అదే సంగతి వేరే ఊరి కుర్రాడికి జరిగినట్టు చెప్పించు. "పాపం, డాక్టరుకి చూపించాలి" అని ఆ తమ్ముడే అనవచ్చు. ఎదుటివాడిలో కనబడింది తనలో కనబడదు.

తల్లి బిళ్ల నూరి పెరుగన్నంలో కలిపే సీను చదివి చాలాసేపు కాగితం పక్కన పెట్టాను. కానీ నువ్వు సగంలో వదిలేశావు. గిన్నె అడుగున తెల్లటి పొడి అతనికి కనబడాలి. అన్నంలో ఏదో కలుపుతున్నారని అతను ఆరు నెలలుగా అంటున్నాడు. ఆ రోజుతో అది నిజమైంది. ఆ తర్వాత తల్లి చేతి ముద్ద కూడా తినడు. ఇలాంటివి తీసేసి చివర్లో వెలుగు పెట్టమని ఎడిటర్లు అడుగుతారు. కొసమెరుపు కోసం రోగిని బలిచేసే అలవాటు మన పత్రికల్ని ఇంకా వదల్లేదు. ఒక ఒంట్లో ఇద్దరు మనుషులుంటే స్కిజోఫ్రీనియా అని సీరియళ్లు నేర్పిన అబద్ధం సరేసరి.

ఇంకోటి. తెలివిడి వచ్చిన రోజు పండగలా రాయకు. జబ్బని తెలిశాకే పెళ్లి, ఉద్యోగం, పదిమందిలో పరువు గుర్తొచ్చి దిగులు కమ్ముతుంది. ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాల్సింది అప్పుడే. మందులతో గొంతులు కొన్ని వారాల్లో తగ్గుతాయేమో గానీ ముఖాలు చదివే నేర్పు బిళ్లతో పెద్దగా తిరిగి రాదు. దానికి విడిగా, వారం వారం సాధన కావాలి.

పదకొండో పేజీ మళ్లీ రాయి. జేవియర్ అమడోర్ అనే అమెరికన్ సైకాలజిస్టు, జబ్బుపడ్డ సొంత అన్నతో ఏళ్ల తరబడి వాదించి అలిసిపోయాక పట్టిన దారి ఇది: విను, ఆ బాధలో పాలుపంచుకో, ఇద్దరూ ఒప్పుకునే ఒక్క విషయం వెతుకు, దాని కోసం కలిసి పనిచెయ్యి. నిఘా ఉందనీ లేదనీ అన్న అననక్కర్లేదు. "రాత్రుళ్లు నిద్ర లేక నలిగిపోతున్నావు కదరా" అంటే చాలు. తమ్ముడు ఔనంటాడు. నిద్ర కోసమే డాక్టరు దగ్గరికి వెళ్తారు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, పేరు మార్చనా అన్నావు. అవి ఇప్పుడొద్దు. కండక్టర్ని ముట్టుకోకు. పెరుగు గిన్నె అడుగు దాకా ఖాళీ చేయించి, ఆ రెండు పేజీలూ పంపు.