నాడీ వ్యవస్థ: మెదడు దగ్గర కాదు, మణికట్టు దగ్గర మొదలుపెట్టండి

"మెదడు, వెన్నుపాము, నరాలు అని చదువుతున్నాను గానీ ఒకదానికొకటి ఎలా కలుస్తాయో బుర్రకెక్కడం లేదు, మామూలు మాటల్లో చెప్పండి" అని అడిగారు. పుస్తకాలన్నీ మెదడుతో మొదలుపెడతాయి, ఆ భాగాల పేర్లు చదివేసరికే సగం ఓపిక అయిపోతుంది. నేను డాక్టర్ని కాదు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కుడిచెయ్యి తిమ్మిరెక్కుతుంటే నరాల పరీక్ష చేయించుకున్నాను. ఈ విషయంలో నా చదువంతా ఆ గదిలోనే మొదలైంది.

తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, నడివేలు, ఉంగరపువేలిలో సగం. నిజంగా సగమే! నడివేలి వైపు మొద్దుబారింది, చిటికెనవేలి వైపు శుభ్రంగా ఉంది. డాక్టరమ్మ (కోలారు వైపావిడ, మాది చిత్తూరనగానే తెలుగులోకి దిగింది) ఆ ఒక్క వేలినే రెండు పక్కలా దూదితో రాసి చూసింది. మీడియన్ నరం ఆ వేలి సగం దాకానే వస్తుంది. మిగతా సగమూ, చిటికెనవేలూ అల్నార్ నరానివి. మోచెయ్యి గోడకి తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమనేది ఆ అల్నారే. గొడవ ఈ నరాలు బయల్దేరే మెడలో ఉంటే ఉంగరపువేలు ఇలా నిలువునా రెండుగా విడిపోవడం అరుదట. అందుకని అనుమానం మణికట్టు మీదికి పోయింది.

పరీక్ష గదిలో ఏసీ. టెక్నీషియన్ నా చెయ్యి పట్టుకుని చూసి, చల్లగా ఉందని కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టించింది. చెయ్యి ఒక డిగ్రీ చల్లబడితే నరంలో కబురు వేగం సెకనుకి 2 మీటర్ల దాకా పడిపోతుంది, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాత బొటనవేలి కింద కండ మీద బిళ్ళలు అంటించి, "కై లూజ్ బిడి సార్" (చెయ్యి వదులుగా వదిలెయ్యండి) అంటూ మణికట్టు దగ్గర చిన్న షాక్ ఇచ్చింది. బొటనవేలు టక్కున ఎగిరింది. నేను కదపలేదు, మెదడు చెప్పలేదు. నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతే చాలు, ఆ కబురు ఎక్కడ పుట్టిందని కండ అడగదు. మళ్ళీ మోచేతి దగ్గర ఇంకో షాక్. రెండు చోట్ల మధ్య దూరం టేపుతో కొలిచి, సమయాల తేడాతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది. ముంజేతిలో నాది సెకనుకి 50 మీటర్లు దాటింది, అది మామూలే. ఆలస్యమంతా మణికట్టు నుంచి కండ దాకా ఉన్న ఆ నాలుగు వేళ్ళ దూరంలోనే.

ఎందుకు ఆలస్యం? నాడీ తంతువుల్లో చాలావాటికి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, అక్కడక్కడా చిన్న ఖాళీలతో. కబురు ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి దూకుతూ పోతుంది. మణికట్టులో నరం మీద నొక్కుడు పడి ఆ తొడుగు దెబ్బతింటే దూకుడు మందగిస్తుంది. చాలామంది నరాన్ని కరెంటు తీగతో పోలుస్తారు గానీ, తీగలో లాగా ఇక్కడ ఏదీ ఆ చివర నుంచి ఈ చివరకి పారదు. సోడియం లోపలికి, పొటాషియం బయటికి పోతూ కబురు చోటుచోటునా కొత్తగా పుడుతుంది. మంచి తొడుగున్న తంతువుల్లో వేగం సెకనుకి 120 మీటర్ల దాకా ఉంటుంది, తొడుగులేని నొప్పి తంతువుల్లో 1 మీటరు అటూఇటూ. కాలికి రాయి కొట్టుకుంటే దెబ్బ ముందు తెలిసి, సలుపు ఒక క్షణం ఆగి రావడం ఇందుకే.

ఇప్పుడు పైకి రండి. బొటనవేలిని కదిపే నాడీకణానికి తల (అంటే దాని ప్రధాన భాగం) వెన్నుపాములో, మెడ కింది భాగం దగ్గర ఉంటుంది. అక్కణ్ణుంచి వేలి దాకా మధ్యలో అతుకు లేదు, అంతా ఒకే కణం. స్పర్శ తెచ్చే కణం తల మాత్రం వెన్నుపాము బయట, పక్కనే ఓ చిన్న ముడిలో ఉంటుంది. వెన్నుపాముకి వెనక వేరు గుండా స్పర్శ లోపలికి వస్తుంది, ముందు వేరు గుండా ఆజ్ఞ బయటికి పోతుంది. ఇలాంటి వెన్ను నాడులు 31 జతలు, నేరుగా మెదడు నుంచి వచ్చే కపాల నాడులు 12 జతలు. ఈ 43 జతలూ కలిపి పరిధీయ వ్యవస్థ. మెదడు, వెన్నుపాము కేంద్ర వ్యవస్థ. పాదం దాకా పోయే తంతువులు మీటరు దాకా ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్ళకి తిమ్మిర్లు సాధారణంగా ముందు పాదాల్లోనే మొదలవుతాయి, పొడుగు తంతువులకే ముందు దెబ్బ కాబట్టి.

వేడి పెనం తగిలితే చెయ్యి లాక్కునే నిర్ణయం వెన్నుపాముదే, మెదడుకి సంగతి తర్వాత తెలుస్తుంది. కావాలని చేసే కదలికలకి ఆజ్ఞ పెద్ద మెదడుది, అదీ మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే మజ్జాముఖం దగ్గర పక్కలు మారి వస్తుంది. అందుకే ఎడమ మెదడులో స్ట్రోక్ వస్తే కుడిచెయ్యి పడిపోతుంది. తూకం, పొందిక చిన్న మెదడు చూస్తుంది. గుండె, పేగులు, చెమట మన చేతిలో లేని స్వయంచోదిత వ్యవస్థవి: గుండెని సింపథెటిక్ పరిగెత్తిస్తుంది, పారాసింపథెటిక్ నెమ్మదింపజేస్తుంది, పేగుల్లో ఇది తలకిందులు. పరీక్షకి ఇంతకంటే కావాలంటే పుస్తకం తిరగెయ్యాల్సిందే.

మీరూ బెంగళూరులోనే ఉంటే నిమ్‌హాన్స్‌లో (మెదడు, నరాల జబ్బుల పెద్దాసుపత్రి) మెదళ్ళ మ్యూజియం ఉంది, భద్రపరిచిన నిజమైన మెదడుని తాకి చూడనిస్తారు. వెన్నుపాముని కూడా గమనించండి, చిటికెనవేలంత లావు, 45 సెంటీమీటర్లలోపు పొడవు, పెద్దవాళ్ళలో నడుం పైభాగంలోనే అయిపోతుంది. సిజేరియన్‌కి వెన్నులో ఇచ్చే సూది వెన్నుపాముకే గుచ్చుతారని మా ఇళ్ళలో ఇప్పటికీ భయపడతారు గానీ, ఆ సూది గుచ్చేది అది ముగిసిన చోటుకి కింద. మ్యూజియం ఏ రోజుల్లో తెరుస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.