మెరినో ఉన్ని మిల్లుకు పంపే ముందు ఒక్కసారి లాగి చూడండి

మీరు ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో పక్క పొలం ఆయన దగ్గర రెండు మెరినో (సన్న ఉన్నికి పేరున్న గొర్రె జాతి) ఫ్లీసులు, అంటే ఒక్కో గొర్రె ఒంటి మీంచి కత్తిరించిన మొత్తం ఉన్ని, తీసుకున్నానన్నారు, పోగుల వంపులు బాగా దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి సన్న ఉన్నే కదా, దారం తీయడానికి మిల్లుకు పంపొచ్చా అని అడిగారు. వంపులు చూసి డబ్బు పెట్టకండి. సన్నదనం ఒక్కటే చాలదు, మిల్లులో దారం తీసే ముందు దువ్వే దువ్వెనకు ఆ ఉన్ని తట్టుకోవాలి.

పెన్సిల్ మందాన ఒక పాయ తీసి, రెండు కొసలూ వేళ్ల మధ్య గట్టిగా బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఠక్కున లాగండి. టంగుమంటే బలంగా ఉన్నట్టు. చిటపటమన్నా, తెగినా, ఎక్కడ తెగిందో చూడండి. కొసన తెగితే ఆ చిన్న ముక్కలు దువ్వేటప్పుడు వ్యర్థంలోకి పోతాయి, పొడుగు పోగులు మిగులుతాయి, నష్టం కొంతే. సరిగ్గా మధ్యలో తెగితే మాత్రం 80 మిల్లీమీటర్ల పోగు కాస్తా 40, 40 అయిపోతుంది, దాంతో నున్నటి దారం రాదు. భుజం దగ్గర, పక్కన, తొడ దగ్గర కూడా ఇలాగే చూడండి.

నేను ఆ వైపే కత్తిరింపు షెడ్లలో ఉన్ని వేరుచేసే బల్ల దగ్గర పని చేశాను. ఎండలకు మేత ఎండిపోయి గొర్రె చిక్కినప్పుడు పెరిగే పోగు కూడా సన్నబడుతుంది, వానలు పడి పచ్చిక రాగానే మళ్లీ లావవుతుంది, తెగేది ఆ సన్నబడిన చోటే. జబ్బు చేసినా, ఈనిన గొర్రెలకు మేత చాలకపోయినా ఇదే తంతు. అందుకే ల్యాబ్ రిపోర్టులో పోగు మందం 17 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అని చూసి మురిసిపోవద్దు, ఆ సన్నదనం ఆకలిది కూడా కావచ్చు! ల్యాబ్‌లో బలాన్ని కిలోటెక్స్‌కు (మీటరు పొడవుకు గ్రాము బరువుండే పాయ మందం) ఇన్ని న్యూటన్లని (లాగే బలానికి కొలత) కొలుస్తారు, 35 దాటితే నిశ్చింత, 30 లోపైతే ధర పడిపోతుంది.

మైక్రాన్లు తెలియాలంటే పక్కటెముకల మీది ఉన్ని కొంచెం టెస్టుకు పంపండి. 18.5 లోపైతే సూపర్‌ఫైన్ అంటారు. 30 మైక్రాన్లు దాటిన పోగులు ఎన్ని శాతమో కూడా చూడండి, ఒంటికి గుచ్చుకునేవి అవే (మన గొంగడి గుచ్చుకునేదీ అందుకే).

పసుపు రంగుకు టెన్షన్ పడకండి. చిటికెడు ఉన్ని వేడి నీళ్లలో డిటర్జెంట్ వేసి నానబెడితే జిడ్డు వల్ల వచ్చిన పసుపు పోతుంది, బ్యాక్టీరియా వల్ల వచ్చినది పోదు. గడ్డి గింజలు, ముళ్లకాయలు ఉంటే మాత్రం ఆలోచించాలి, పెద్ద ఫ్యాక్టరీల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వాటిని మాడ్చి దులిపేస్తారు, చిన్న మిల్లుల్లో ఆ ఏర్పాటు సాధారణంగా ఉండదు.

మధ్యలో తెగే ఫ్లీసును ఫెల్టు (ఉన్నిని నేయకుండా అదిమి చేసే మందపాటి గుడ్డ) చేసేవాళ్లకు ఇచ్చేయండి, వాళ్లకు పొడుగుతో అంత పని లేదు. గట్టిగా ఉన్నదాన్ని పరిచి పొట్ట ఉన్ని, మెడ దగ్గర గింజలు పట్టినది, పేడ అంటిన అంచులు తీసేసి పంపండి. చాలా చిన్న మిల్లులు కడగకముందు బరువుకే చార్జీ కడతాయి, కడిగాక మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే జిడ్డూ మట్టీగా పోతుంది కాబట్టి ఆ లెక్క ముందే అడిగి తెలుసుకోండి.